స్ట్రెచర్ రెండో కొస

“ఆడదానివి, రాత్రిపూట ఆ ఖాళీ క్వార్టర్ మెట్లెక్కుతావేటి? స్ట్రెచర్ ఎత్తలేవు గానీ ఇన్‌ఛార్జి కుర్చీ కావాలా నీకు?”

అంబులెన్స్‌లో ఏడేళ్ళుగా చేస్తున్న సత్యశ్రీని, స్టాఫ్ అందరి ముందూ సూపర్‌వైజర్ గురుమూర్తి అన్న మాటలంట ఇవి.

జాముల్ రోడ్డు పక్కన ఆ రెండంతస్తుల క్వార్టర్‌కి చెడ్డపేరుంది. చీకటి పడితే ఎవరో ఆడమనిషి మెట్లు ఎక్కుతా దిగుతా ఉంటాదనీ... ఆడోళ్ళనే తినేస్తాదనీ. ఆ పేరు చెప్పి ఆడోళ్ళకి నైట్ డ్యూటీ ఎయ్యరు. నైట్ కేసులు లేకపోతే ప్రమోషన్ లేదు. బాగుంది కదా ఏర్పాటు!

“ఎయ్యండి సార్. దెయ్యం సంగతి నేను చూసుకుంటాను,” అంది సత్యశ్రీ.

ఏసేడు. మూడో రాత్రే ఫోనొచ్చింది — అక్కడినుంచే. మేడ మీద ఒంటరిగా పడుకున్న కూలీ ఒకడు జారిపడి నడుం విరగ్గొట్టుకుని, తనే ఫోన్ చేసేడంట.

డ్రైవర్ ఉమేష్ బండాపేడు. దిగలేదు.

“నువ్వెళ్ళు దీదీ... నేను లైటేసి ఉంచుతా.”

“ఒక్కదాన్నే ఎలా మొయ్యాలి భయ్యా?”

అద్దం ఎత్తేసేడు.

తిట్టుకుంటా స్ట్రెచర్ తనే పైకి ఈడ్చుకెళ్ళింది. కూలీని బెల్టులతో బిగించింది. తలవైపు ఎత్తింది... కాళ్ళవైపు నేలకి అంటుకుపోయినట్టుంది.

“ఉమేష్! ఒక్కసారి రారా!”

మెట్ల మీద అడుగులు.

రెండో కొస లేచింది.

అమ్మయ్య, ఎదవకి సిగ్గొచ్చినాది అనుకుంది. భుజానున్న టార్చ్ వెలుగు కూలీ మోకాళ్ళు దాటట్లేదు. మెట్టు... మెట్టు... మలుపు.

“నెమ్మది,” అంది. కుదుపన్నదే లేదు. ఏడేళ్ళలో ఏ మగాడూ తనతో అంత సమంగా మొయ్యలేదు.

బండి వెనక స్ట్రెచర్ దిగింది. తలెత్తి చూస్తే — ఎవరూ లేరు.

ముందు కేబిన్‌లో ఉమేష్... తలుపులు బిగించుకుని, హనుమంతుణ్ణి తలుచుకుంటా కూచున్నాడు.

కూలీ మూలుగుతా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “దూసరీ దీదీ... కిధర్ గయీ?” ఆ రెండో అక్క ఎటెళ్ళిందంట.

కూలీ బతికేడు. తెల్లారేక గురుమూర్తి కాయితం ముందరెట్టేడు.

“స్ట్రెచర్ ఇద్దరు మొయ్యాలి. అది రూలు. రెండో మనిషి ఎవరు? ఉమేషే కదా?”

“హాఁ సాబ్, మై హీ థా,” తనేనని ఒప్పేసుకున్నాడు ఉమేష్, నేలచూపులు చూస్తా.

ఉమేష్ అని రాస్తే మోసింది అతనే అంటారు, ఆమెది వట్టి సాయం. ఎవరూ లేరని రాస్తే రూలు తప్పినట్టు, ఆమె లెక్కలోంచి ఈ కేసు కొట్టేస్తారు. ఉన్నదున్నట్టు రాస్తే పిచ్చిదని ఇంటికి పంపేస్తారు.

గురుమూర్తి నవ్వుతా పెన్ను చేతికిచ్చేడు. ‘రెండో మనిషి’ అన్న ఆ ఖాళీ గడిలో... మీరైతే ఎవరి పేరు రాస్తారు?