రెండు మెట్లు పైకి

పొద్దున్నే వంటగదిలో చిన్నకోడలు గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తోంది. పెద్దకోడలు పాలగిన్నె మీద మూత ఠప్పున పడేసింది.

"ఆ గొంతేదో ఆదివారానికి దాచుకో. చర్చిలో ముందు నిలబడేది నువ్వేగా!"

"నువ్వు వాయిస్తుంటే నాకేం భయం అక్కా?" అంటూ నవ్వింది చిన్నది.

ఆ నవ్వు చూస్తే చాలు, పెద్దకోడలికి ఒళ్ళు మండిపోతుంది. నిరుటిదాకా ఆ చర్చిలో ముందుండి పాడింది తనే. గొంతుకి ఆపరేషనయ్యాక స్వరం బొంగురుపోయింది. మంచం మీద ఉండగా, వరండాలో తోటికోడలు పాస్టరుగారితో అన్న మాట చెవిన పడింది: "అక్కని పాడమని అడగొద్దండీ." ఆ పై ఆదివారమే తన చోట ఆవిడగారు ప్రత్యక్షం. అప్పట్నించీ పెద్దకోడలు నోరు కుట్టేసుకుని హార్మోనియం వెనక కూర్చుంటోంది. కడుపులో మంట మాత్రం రోజూ రాజుకుంటూనే ఉంది.

ఇన్నాళ్ళకి సమయం చిక్కింది. కప్పు మార్చిన చర్చిని ఈ ఆదివారం తెరుస్తున్నారు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వస్తున్నారు. పై స్వరాల్లో చిన్నదాని గొంతు చీలుతుందని పెద్దకోడలికి బాగా తెలుసు. సాధనలో "ఇంకాస్త కిందికి అక్కా" అని రోజూ బతిమాలేది మరి! రెండో చరణమైతే ఒక్కసారీ పాడనే లేదు. "ఆరోజు చూసుకుందాంలే" అని దాటేసేది. ఒట్టి బద్ధకం.

హార్మోనియం ఎంత ఎత్తులో ఎత్తుకుంటే అందరూ అంత ఎత్తులో పాడాల్సిందే. ఎత్తుకున్న పాట మధ్యలో ఆపడం ఆ చర్చిలో ఎన్నడూ లేదు. అందుకే ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండు మెట్లు పైనుంచి వాయించడం వేళ్ళకి అలవాటు చేసుకుంది. ఓసారి అత్తగారు గుమ్మంలో నిలబడి విననే విన్నది.

"అంత ఎత్తు ఎవరి గొంతుకి అందుతుందే?"

"అందాల్సినవాళ్ళకి అందుతుందిలెండి అత్తయ్యా."

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పెద్దకోడలు రెండు మెట్లు పైకి ఎత్తుకుంది. చిన్నకోడలు ఉలిక్కిపడి ఇటు చూసింది. అయినా పాడింది. పై స్వరం దగ్గర గొంతు జీరపోయి పుటుక్కున తెగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దకోడలి కడుపు చల్లబడింది. ఏడువ్, బాగా ఏడువ్ అనుకుంది.

మొదటి చరణం అయింది. పాడేవాళ్ళంతా ఒక్కసారిగా ఆగిపోయారు. చిన్నకోడలు మైకు తెచ్చి హార్మోనియం ముందు పెట్టింది.

"రెండో చరణం నీది అక్కా."

"ఏంటే ఇది?" వేళ్ళు ఆడిస్తూనే అడిగింది పెద్దకోడలు.

"గొంతు మానేదాకా నిన్ను అడగొద్దన్నాను. ఇప్పుడు పాడొచ్చని డాక్టరు చెప్పాడటగా, అత్తయ్య చెప్పింది. నీకు అందాలనే కదా కింద పెట్టమని నీ ప్రాణం తీశాను. ముందే చెబితే నువ్వు ఒప్పుకోవు." మైకుని చేత్తో మూసి మెల్లగా అంది, "ఇంత ఎత్తులో ఎలా పాడతావక్కా?"

పెద్దకోడలి చేతులు ఆగిపోయాయి. ఆ చర్చిలో మొదటిసారి పాట మధ్యలో ఆగింది. ముందు వరుసలో అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"కావాలనే ఎత్తానే. నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేద్దామని."

"ఎత్తుకున్నప్పుడే తెలిసింది."

"మరి ఎందుకు పాడావే, పిచ్చిదానా?"

"నువ్వు ఎత్తుకున్న పాట ఆపి నీ పరువు తియ్యనా?"

పెద్దకోడలికి ఏడుపు ఆగలేదు. ఇంత మనిషిని పక్కన పెట్టుకుని ఏడాదిపాటు తను మోసింది విషమా అనిపించింది. కన్నీళ్ళు తుడుచుకుని శ్రుతి కిందికి దించింది. తర్వాత బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చింది.

"రా, కూర్చో. ఒక్కదాన్నే పాడలేను."