ముప్పై అంగుళాల తరగతి

పొద్దున్నే టైలరమ్మ మిషనుకి నూనె చుక్కలు వేస్తుండగానే వెనక నుంచి పాఠం మొదలైపోయింది.

"అమ్మా, మధ్యగతం వేరు, సగటు వేరు. అందరినీ పొట్టి నుంచి పొడుగు దాకా వరసలో నిలబెడితే నడిమధ్యన ఎవరుంటారో అది మధ్యగతం."

"ఆహా."

"అందరివీ కలిపేసి, మళ్లీ అందరికీ సమానంగా పంచితే సగటు."

"ఆ, అదే కదా."

ఏది అదే కదా అని ఎవరైనా నిలదీసి ఉంటే టైలరమ్మ తెల్లమొహం వేసేది. అదృష్టవశాత్తూ ఆ ఇంట్లో అంత తీరిక ఎవరికీ లేదు. సిటీ బస్సు నడిపే భర్త అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మం దాటుతున్నాడు.

"పొద్దున్నే మొదలెట్టిందా పంతులమ్మ? మీ అమ్మకి పరీక్ష కూడా పెడతావేమిటే?" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

పంతులమ్మ అన్నది కూతురికి ఇంట్లో పడిపోయిన పేరు. మూడేళ్ల వయసులోనే దిండ్లని వరసగా కూర్చోబెట్టి కోప్పడేది. ఇప్పుడు పదహారు నిండాయి. ఆమె చదివే హైస్కూల్లో ఈ ఏడాది కొత్తగా స్టాటిస్టిక్స్ పెట్టారు. ముప్పై సీట్లే. పంతులమ్మది చిట్టచివరి సీటు. సెలవుల్లో మొదటి అయిదు పాఠాలు చదువుకుని, బడి తెరిచే ముందు శుక్రవారం వచ్చి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ సీటు వెనక నిలబడ్డవాళ్లకి పోతుంది.

"ఎవరికైనా చెప్తేనే నాకు బుర్రకెక్కుతుందమ్మా" అని ఆ పిల్ల సెలవులు మొదలైన రోజే తల్లిని పట్టుకుంది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన టైలరమ్మకి ఆ మాట ఎంత తియ్యగా తోచిందో చెప్పలేం. ఇన్నేళ్ల తర్వాత తననీ ఒక తరగతిలో కూర్చోబెట్టారు. మొదటి రోజు ఏమీ అర్థం కాలేదు, అయినా తలూపింది. రెండో రోజు అడుగుదామనుకుంది, కానీ నిన్న ఎందుకు తలూపావు అంటుందని ఊరుకుంది. అలా నెలన్నర గడిచింది. ఇప్పుడు అడిగితే ఇన్నాళ్ల ఊపూ దొంగ ఊపేనని తేలిపోదూ? అందుకే ఆమె మరింత గట్టిగా తలూపేది.

ఆ హైస్కూల్లోనే కొత్తగా చేరే ఆరో తరగతి పిల్లలకి పదకొండేళ్లుగా యూనిఫాం చొక్కాలు కుట్టేది టైలరమ్మే. ప్రతి ఏడూ బడి మూసే ముందు ఒక్కో పిల్లకీ పిల్లాడికీ టేపు పెట్టి కొలిచేది. ఈసారి కొత్త పిల్లల పేర్లు సెలవులిచ్చాక గానీ రాలేదు. నలభై మందిలో దగ్గర్లో ఉన్న తొమ్మిది మందే వచ్చి కొలతలిచ్చి వెళ్లారు. మిగతా ముప్పై ఒక్కరూ చుట్టాల ఇళ్లలో ఉన్నారు. వాళ్లొచ్చే దాకా ఆగితే చొక్కాలు బడి తెరిచేనాటికి అందవు.

"ఇందులో కంగారెందుకమ్మా?" అంది పంతులమ్మ, కళ్లు మెరిపిస్తూ. "దీన్నే శాంపిల్ అంటారు. నలభై మందినీ కొలవక్కర్లేదు. ఈ తొమ్మిది మంది చాలు, తరగతి సంగతి తెలిసిపోతుంది."

కొలతల పుస్తకం లాక్కుని కూడికలు వేసింది. ఇరవై ఆరు, రెండు ఇరవై ఏడులు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై రెండు, ముప్పై మూడు, రెండు ముప్పై నాలుగులు. మొత్తం రెండు వందల డెబ్బై. తొమ్మిదితో భాగించి కింద రెండు గీతలు గీసింది.

"ముప్పై! తరగతి ఛాతీ ముప్పై అంగుళాలు!"

టైలరమ్మ పుస్తకంలోకి తొంగి చూసింది. "ఇందులో ముప్పై ఎవరిదే?"

"ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కాకపోతే మరి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అందరి నుంచీ వచ్చిందమ్మా! నిన్న చెప్పాగా?"

నిన్న చెప్పింది, నిజమే. టైలరమ్మ తలూపిందీ నిజమే. ఎవరిదీ కాని కొలత అందరిదీ ఎలా అవుతుందో ఎంత ఆలోచించినా ఆమె బుర్రకి అందలేదు. మర్నాడు బట్ట బల్ల మీద పరిచి కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆడలేదు. పక్క గదిలో పిల్ల పెద్దగా పాఠం వల్లె వేసుకుంటోంది. ఆ పుస్తకం రాసినవాళ్ల కంటే తనకెక్కువ తెలుసా అనుకుని కత్తెర ఆడించింది. భుజం, పొడుగు, చేతులు కూడా సగటు లెక్కనే కత్తిరించింది. నలభై చొక్కాలూ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో తయారయ్యాయి.

బడి తెరవడానికి ఆరు రోజుల ముందు, మంగళవారం, పిల్లలందరినీ హాల్లోకి పిలిచి చొక్కాలు తొడిగి చూశారు. మొదటి పిల్లాడికి గుండీలు ఒకదాని మొహం ఒకటి చూడలేదు. వాడి వెనక పిల్ల చేతులు పైకెత్తితే వేళ్లు కూడా బయటికి రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు హాలంతా పాకింది. నలభై మందిలో సరిపోయింది ఏడుగురికి.

పెద్ద మేడమ్ కోప్పడి ఉన్నా బాగుండేది. దగ్గరికొచ్చి, "ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?" అని మెల్లిగా అడిగింది. టైలరమ్మ "సోమవారానికి సరిచేసిస్తానండీ" అని మాత్రం అనగలిగింది. చొక్కాలన్నీ మూట కట్టుకుని, దారిలో ఎవరి మొహమూ చూడకుండా ఇల్లు చేరింది.

సంగతి విన్న భర్త మండిపడ్డాడు.

"పదకొండేళ్ల పేరు! ఒక్క లెక్కతో గంగపాలు చేశారు తల్లీకూతుళ్లు! నలభై మందికీ ఒకే చొక్కా అని ఏ పుస్తకంలో రాశారే?"

పంతులమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "నేను తరగతి సగటు చెప్పాను నాన్నా. అందరికీ అదే కత్తిరించమనలేదు."

"ముప్పై అన్నావు కదే," అంది టైలరమ్మ. "తరగతి ఛాతీ ముప్పై అన్నావు. నేనేం చెయ్యాలి మరి?"

"నీకు అర్థమైందనుకున్నా! రోజూ తలూపావు కదా!"

పిల్ల మొహం ఎర్రబడింది. పుస్తకం తెచ్చి టక్కున బల్ల మీద పడేసింది.

"ఈ స్టాటిస్టిక్స్ నాకొద్దు. శుక్రవారం నేను వెళ్లను."

"అదీ మంచిదే," అన్నాడు తండ్రి.

"మీరు కాసేపు ఊరుకోండి," అంది టైలరమ్మ. పదిహేడేళ్ల కాపురంలో ఆమె గొంతు అంత కటువుగా పలకడం ఆయన వినలేదు. "కత్తెర పట్టుకున్నది నేను. దాన్ని అంటారేం? ఆ ముప్పై ఏమిటో నాకు తెలీదు. మధ్యగతం తెలీదు, సగటూ తెలీదు. రెండు నెలలుగా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్ల నన్ను కూర్చోబెట్టి చెప్తుంటే సంతోషంగా ఉండి తలూపాను. అంతే."

అనేశాక సిగ్గుతో ఆమె తల వాలిపోయింది. కూతురు నవ్వుతుందనో, విసుక్కుంటుందనో అనుకుంది. తలెత్తి చూస్తే, పిల్ల కళ్ల నిండా నీళ్లు.

"నాకూ అర్థం కాలేదమ్మా."

"ఏమిటీ?"

"రెండో పాఠం నుంచీ సరిగ్గా అర్థం కాలేదు. విచలనం అని నాలుగో పాఠం ఉంది, ఒక్కొక్కరూ సగటుకి ఎంత దూరంలో ఉంటారో చెప్పేది. మూడుసార్లు చదివి వదిలేశాను. నీకు చెప్తుంటే నువ్వు తలూపేదానివి. నీకే అర్థమైందంటే నేను సరిగ్గానే చెప్తున్నానేమో, నాకూ వచ్చేసిందేమో అనుకున్నాను."

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరి ధైర్యంతో ఒకరు రెండు నెలలు నెట్టుకొచ్చారన్నమాట. తండ్రి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎవర్ని తిట్టాలో తోచక టీ పెట్టడానికి వెళ్లాడు.

బుధవారం బడికెళ్లి నలభై మందినీ కొలుచుకొచ్చారు. టేపు టైలరమ్మ చేతిలో, పుస్తకం పంతులమ్మ చేతిలో. ఇంటికొచ్చి చొక్కాలు ఒక్కొక్కటీ తిరగేసి కుట్లు విప్పడం మొదలుపెట్టారు. బిగుతైనవి ఎలా వదులు చేస్తారో పిల్లకి తెలియలేదు. పక్క కుట్టు విప్పి చూస్తే లోపల వేలెడు వెడల్పున గుడ్డ మడిచి ఉంది. రెండు పక్కలా ఉంది. ఇంకో చొక్కా విప్పింది. అందులోనూ ఉంది.

"ఇంత గుడ్డ ఎందుకు వదిలావమ్మా?"

"ఎప్పుడూ వదిలేదే. పిల్లలందరూ ఒక్కలా ఉంటారేమిటి? ఒకడు ఒళ్లు చేస్తాడు, ఇంకొకడు చిక్కుతాడు."

"నేను ముప్పై అని చెప్పాక కూడా వదిలావా?"

టైలరమ్మ దారం కొరుకుతూ ఆగింది. ఆ సంగతి తనకీ ఇప్పుడే తడుతోంది. "బుర్ర నీ మాట విన్నదే. చెయ్యి వినలేదు."

పిల్ల ఆ మడతని వేళ్లతో తడుముతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో గోడ మీద అంకెలు వరసగా రాసి, కొలిచిన ఒక్కొక్కరికీ ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోయింది. ఇరవై ఎనిమిది మీదా ఇరవై తొమ్మిది మీదా చుక్కలు గుట్ట పడ్డాయి. అటూ ఇటూ పోనుపోను పలచబడ్డాయి. చివర ముప్పై అయిదు మీద ఒకే ఒక్క చుక్క నిలిచింది.

"దీనికి గోడంతా పాడు చెయ్యాలా?" అంది తల్లి. "మధ్యలో ఎక్కువ మంది, అటు కొందరు, ఇటు కొందరు. ప్రతి ఏడూ ఇంతే కదా."

"నీకు తెలుసా?"

"తెలియకపోతే గుడ్డ ఎంత కొనాలో ఎలా తెలుస్తుందే?"

పంతులమ్మ తల్లిని కొత్తగా చూసింది. ఇన్నాళ్లూ తాను పాఠం చెప్పబోయింది ఈ అమ్మకా అనిపించి, తల్లి ఒళ్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. టైలరమ్మకి ఏడుపెందుకో పూర్తిగా అర్థం కాలేదు, అయినా ఆమె కళ్లూ నిండాయి. "లే, ఇంకా ముప్పై చొక్కాలున్నాయి" అంది, వీపు నిమురుతూ.

శుక్రవారం పొద్దున పిల్ల పుస్తకం తీసుకుని తానే గుమ్మం దిగింది. సంతకం పెట్టి వచ్చి మళ్లీ కుట్లు విప్పడానికి కూర్చుంది. ఆదివారం సాయంత్రానికి నలభై చొక్కాలూ బడికి చేరాయి. పెద్ద మేడమ్ ఈసారి వెనక నిలబడి ఒక్కొక్కటీ చూసింది. వచ్చే ఏటి మాట ఎత్తలేదు. ఆ దిగులు టైలరమ్మకి ఉండనే ఉంది.

సోమవారం సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి సంచి దింపకముందే మొదలుపెట్టింది.

"అమ్మా, ఇవాళ ఏం చెప్పారో తెలుసా? ఒకే తరగతి నుంచి వేరే తొమ్మిది మందిని తీసుకుంటే వేరే సగటు వస్తుందట. ఆ సగటులన్నిటికీ మళ్లీ ఒక సగటు..."

అలవాటుగా టైలరమ్మ తల కిందికి వాలబోయింది. సగంలో ఆపుకుంది. మిషను మీంచి కాలు తీసి కూతురి వైపు తిరిగి కూర్చుంది.

"ఆగు. నాకు అర్థం కాలేదు."

పంతులమ్మ సంచి కింద పెట్టి తల్లి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకూ కాలేదమ్మా," అంది. "రేపు అడిగొస్తాను."