ఎడమ గాడి చాబీ

పొద్దున తొమ్మిది దాటాక, కొత్తవాడలోని ఒక బడిలో, ఆటసామాన్ల గది తాళంకప్పలో చాబీ విరిగింది. సగం ముక్క మహిత చేతిలో ఉంది. మిగతా సగం తాళం లోపలే ఉండిపోయింది.

మహిత ఆరో తరగతి చదువుతోంది. ఆమె తండ్రి ఎల్లస్వామి చాబీలు చేస్తాడు. బడి గేటు దాటి మలుపు తిరిగితే ఆయన కొట్టు, చిన్న రేకు డబ్బా, కనిపిస్తుంది.

ఆ గదిలో ఆటల సార్ కృష్ణమోహన్ బ్యాగు ఉంది. బ్యాగులో పూజ పరుగు బూట్లు, చెస్ట్ నంబరు, వయసు రుజువు కాగితం ఉన్నాయి. అవి లేకపోతే ఆ రోజు హనుమకొండ స్టేడియంలో జరిగే పరుగు పోటీలో పూజను గీత దగ్గరికి రానివ్వరు. ఆ పోటీ పన్నెండేళ్లలోపు పిల్లలకు. వచ్చే నెల పూజకు పన్నెండు నిండుతాయి. వచ్చే ఏడు ఈ పరుగు ఆమెకు లేదు.

పూజ, మహిత ఒకే బెంచీలో కూర్చుంటారు.

అంతకుముందు జరిగింది ఇది.

కృష్ణమోహన్ సార్ బడి ముందు ఆటో దిగి జేబు తడుముకున్నాడు. గది చాబీ లేదు. అది జారిపడిన ఆటో అప్పటికే వెళ్లిపోయింది. సార్ ఒక రాయి తీసుకుని గది దగ్గరికి వచ్చాడు.

"తాళం ఖరాబు చెయ్యకుండ్రి సార్. చాబీ చేస్తే అయిపాయె," అంది మహిత.

"అయితే ఉరుకు. మీ బాపును తోల్కరా. జల్ది."

మహిత వెంటనే ఉరకలేదు. తాళంకప్పను పైకెత్తి కింద ఉన్న బొక్కలోకి చూసింది. తాళం బొక్క తిన్నగా ఉండదు. నడుమ ఒక వంపు ఉంటుంది. ఏ చాబీ పడితే అది దూరకుండా పెట్టే వంపు అది. ఈ తాళంలో వంపు ఎడమకు తిరిగి ఉంది. మహిత పెన్నుతో ఆ ఆకారాన్ని అరచేతిలో గీసుకుంది.

"గిదంత ఎందుకే? మీ బాపును పిలువు పో," అంది పూజ.

"మా నానమ్మ పెట్టెకు చాబీ నేనే చేసిన గదనే. మా గల్లి మొత్తానికి తెలుసు."

"నాకూ తెలుసు. రోజూ చెప్తనే ఉంటవ్ గద."

"నువ్వు బూట్ల లేసులు కట్టుకో పో."

"బూట్లు లోపల ఉన్నయే తల్లీ."

ఇద్దరూ నవ్వారు. వరండా మెట్టు మీద కూర్చున్న పూజ నానమ్మ చిలుకమ్మ కూడా నవ్వింది. చిలుకమ్మ దరీలు నేసే మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. ఆ రోజు రాట్నం ముందు కూర్చోలేదు. మనుమరాలి పరుగు చూద్దామని సద్దిగిన్నె మూటగట్టుకుని వచ్చింది.

మహిత డబ్బా దగ్గరికి వెళ్లేసరికి ఎల్లస్వామి తల వంచి బీరువా తాళం విప్పుతున్నాడు. ఆయన ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. వైరుకు చాబీలు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాటికి ఇంకా పళ్లు కోయలేదు. ఒక్కో గుత్తికి ఒక్కో తీరు గాడి. తాళం బొక్కలో వంపు ఎట్లా ఉంటే చాబీ గాడి అట్లా ఉండాలి. గాడి కుదిరాకే పళ్లు కోయడం.

మహిత అరచేయి చూసుకుంటూ ఒక్కో గుత్తి మొనలు చూసింది. ఒక గుత్తిలో గాడి ఎడమకు కనిపించింది. అందులో ఒక చాబీ తీసింది. ఆకురాయి కూడా తీసుకుంది.

"ఏంది బిడ్డా, బడి లేదా?" తల ఎత్తకుండానే అడిగాడు ఎల్లస్వామి.

"ఉన్నది బాపు. ప్రాజెక్టుకు ఒక చాబీ తీస్కపోతాన."

"ఆకురాయి పైలం."

బడి దగ్గర సార్ గేటు బయటే నిలబడి ఉన్నాడు.

"మీ బాపేడి?"

"గిరాకి ఉన్నది సార్. నన్నే చెయ్యమన్నడు."

ఎల్లస్వామి ఆ మాట అనలేదు.

చాబీ మొన దూరింది. అక్కడే ఆగింది. మహిత దాన్ని బయటికి తీసి గాడిని ఆకురాయితో అరగదీసింది. మళ్లీ పెట్టింది. గోరంత లోపలికి పోయింది. మళ్లీ తీసి అరగదీసింది. ఇత్తడి పొడి ఆమె గౌను మీద పడింది.

"అయితదా, కాదా? చెప్పు మహితా. కాకపోతే నేనే పోయి మీ బాపును తీస్కొస్త," అన్నాడు సార్.

"అయితది సార్. ఇంక జరంత."

పూజ నవ్వడం మానేసింది. తాళం వైపే చూస్తోంది.

మహిత సార్ తెచ్చిన రాయి తీసుకుని చాబీ తల మీద కొట్టింది. చాబీ సగం దాకా పోయి బిగుసుకుంది. తిప్పింది. విరిగింది.

సార్ డబ్బా వైపు పరుగెత్తాడు. ఎల్లస్వామి సంచి పట్టుకుని వచ్చాడు. తాళం చూశాడు. కూతురి చేతిలో ముక్క చూశాడు. సన్నటి పట్టకారుతో లోపలి ముక్కను పట్టి లాగాడు. పట్టకారు జారింది. మూడుసార్లు జారింది.

"కొట్టి బిగిచ్చిండ్రు సార్. ఇగ రాదు. కొయ్యాలె."

ఇనుము కోసే ఆక్సా బ్లేడు పెట్టి తాళం కొక్కాన్ని కోశాడు. ఒక బ్లేడు విరిగింది. ఇంకోటి బిగించాడు. చిలుకమ్మ మూట ఒళ్లో పెట్టుకుని, "అయితాందా బిడ్డా? అయితాందా?" అని అడుగుతూనే ఉంది. ఎల్లస్వామి, "అయితాందవ్వా," అంటూ కోస్తూనే ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది. సార్, పూజ, చిలుకమ్మ ఆటో ఎక్కారు.

మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక ఆటో తిరిగి వచ్చింది. పూజ చేతిలో చెస్ట్ నంబరు ఉంది. దానికి గుచ్చిన పిన్నులు విప్పలేదు. చిలుకమ్మ మూట ముడి విప్పలేదు.

"మేం పోయేసరికి పరుగు అయిపోయింది," అన్నాడు సార్, హెడ్మాస్టరుతో.

పూజ తరగతిలోకి వచ్చి పుస్తకాల సంచి తీసుకుంది. వెనక బెంచీలో కూర్చుంది.

సాయంత్రం ఎల్లస్వామి డబ్బాలో మహితను ఎదురుగా నిలబెట్టాడు. కుడి చెయ్యి ఎత్తాడు.

"ఇది నీకు ఏ దిక్కున్నది?"

"ఎడమ దిక్కు."

"చాబీ మొనను చూస్తే గంతే. అది నీకు ఎదురుంగ నిలబడ్డట్టు. బొక్కల వంపు ఎడమకుంటే, మొన మీద గాడి కుడికి కనిపియ్యాలె. నువ్వు తీసింది దాని ఎదురు చాబీ. అది ఎంత అరగదీసినా లోపలికి పోదు."

పక్క గుత్తిలోంచి ఒక చాబీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదీ ఆ తాళానిది."

మహిత దాన్ని ముట్టుకోలేదు.

"నేను ఈడనే ఉంటి గద బిడ్డా," అన్నాడు ఎల్లస్వామి.

మహిత డబ్బా దిగి పూజ ఇంటికి వెళ్లింది. లోపల రాట్నం తిరుగుతోంది. పూజ గడప దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మనలేదు.

"మీ బాపు పొద్దుగాల డబ్బాల ఉండెనా?"

"ఉండె."

"నువ్వు పిలిచినవా?"

"లేదు. సార్‌కు అబద్ధం చెప్పిన."

"ఎందుకే?"

"తాళం నేనే తీసిన్నని అందరు అనాలె అనుకున్న."

రాట్నం ఆగింది. లోపలి నుంచి చిలుకమ్మ, "ఎవలే?" అని అడిగింది.

"ఎవలు లేరు," అంది పూజ. తలుపు వేసింది.

మర్నాడు మహిత సార్‌కు కూడా నిజం చెప్పింది. సార్ విన్నాడు. "క్లాసుకు పో," అన్నాడు.

ఆదివారం ఎల్లస్వామి చాయ్ తాగడానికి వెళ్లాడు. మహిత డబ్బాలో ఉంది. ఒకామె తాళంకప్ప తెచ్చింది.

"ఎల్లస్వామి బిడ్డవు గదా? నీకూ పని అస్తదట. జర జల్ది చేసియ్యి, బస్సుకు పోవాలె."

మహిత బొక్కలోకి చూసింది. వంపు కుడికి ఉంది. ఒక గుత్తిలో ఎడమ గాడి మొన కనిపించింది. చెయ్యి అక్కడిదాకా పోయింది. ఆగింది.

"నాకు పక్కా తెలువది అక్కా. కూసోండ్రి. మా బాపును తోల్కొస్త."

చాయ్ డబ్బా రోడ్డు అవతల ఉంది. మహిత రోడ్డు దాటింది. అటునుంచి పూజ నడిచి వస్తోంది. మహిత ఆగింది. పూజ తల వంచుకుని పక్కనుంచి వెళ్లిపోయింది.

మహిత చాయ్ డబ్బా దగ్గరికి వెళ్లి తండ్రిని పిలిచింది. ఎల్లస్వామి చాయ్ సగం వదిలేసి ఆమె వెంట వచ్చాడు.