మహాప్రసాదం నేస్తం

తువ్వాలు వేస్తే సీటు మనదైపోతుందని నేను పుట్టినప్పటి నుంచీ నమ్ముతున్నాను. పలాస కాంప్లెక్సులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడంలో మా కాలేజీలో నన్ను మించినవాడు లేడు. అలాంటిది, ఆ కార్తీకమాసం పొద్దున పూరీ యాత్ర బస్సు ఎక్కేసరికి, నాయనమ్మ కోసం ముందు సీట్లో వేసిన నా తువ్వాలు నీట్‌గా మడతపెట్టి ఇంజన్ మీద పెట్టేసి ఉంది. సీట్లో ఎవరో పెద్దావిడ కూర్చుని ఆకూవక్కా నములుతోంది. పక్కన ఒక అమ్మాయి నిలబడి సంచులు సర్దుతోంది.

తువ్వాలు చేతిలోకి తీసుకున్నాను. ఆ అమ్మాయినే అడిగాను.

“ఏవండీ, ఇక్కడ తువ్వాలు వేశాను.”

“చూశాను. మడత కూడా పెట్టాను,” అంది ఆ అమ్మాయి.

“మడతపెట్టమని వెయ్యలేదండీ. సీటుకి వేశాను.”

“ఇది ఆర్టీసీ బస్సు కాదు, టూర్ బస్సు. ముందు కూర్చున్నవాళ్ళది ముందు సీటు. మా అమ్మమ్మకి వెనకాల కూర్చుంటే కడుపులో తిప్పుతుంది.”

“మా నాయనమ్మకి వెనకాల కూర్చుంటే కోపం వస్తుంది. అది మీకే మంచిది కాదు.”

నేను చెప్పడం పూర్తవలేదు, మా నాయనమ్మ రత్నాలమ్మ మెట్లెక్కి వచ్చేసింది.

“ఓలె, ఎవుర్తివే నువ్వు? నా గుంటడి తువ్వాలు తీసీడానికి నీకెన్ని గుండెలే?”

ఆకూవక్కా ఆవిడ పేరు సుభద్ర. ఆవిడేమీ తగ్గలేదు. “మాది టెక్కలి. తువ్వాళ్ళు సూసి బయపడిపోయే ఊరు కాదమ్మా మాది!”

యాత్ర నడిపే ఢిల్లీశ్వరరావు చేతిలో మైకు పట్టుకుని మధ్యలో దూరాడు. ఏటేటా ఉద్దానం ఊళ్ళ భజన బృందాలని కూడగట్టి దేవుళ్ళ దగ్గరకీ, భక్తుల సమాధుల దగ్గరకీ తిప్పడం ఆయన పని. ఇలాంటి కురుక్షేత్రాలు ఆయన చాలా చూశాడు. ముందు సీటు ఇద్దరికి పడుతుంది కాబట్టి ఇద్దరినీ అందులోనే కూలబెట్టేశాడు. ఇచ్ఛాపురం దాటేదాకా ఇద్దరూ తిట్టుకుంటూనే ఉన్నారు. ఆ తిట్టుకోవడంలోనే ఇంటిపేర్లూ, ఊళ్ళూ, కులం ఒకటేనన్న సంగతీ అన్నీ తేల్చేసుకున్నారు.

నేను నడవాకి ఇటుపక్క, ఆ అమ్మాయి అటుపక్క. పేరు యామిని అని వాళ్ళ అమ్మమ్మ పిలిస్తే తెలిసింది.

చిలికా ఒడ్డున రంభ అనే ఊరి దగ్గర టీకి ఆపేసరికి వాన అందుకుంది. అల్పపీడనం వాన, ఒక పట్టాన వదిలేది కాదు. అందరూ బస్సులోకి పరిగెత్తారు. నేనూ, యామినీ మాత్రం టీ కొట్టు రేకు కింద ఇరుక్కుపోయాం. ఆమె జడ చివర్నుంచి నీళ్ళు కారుతున్నాయి. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆవిరిని ఊదుతోంది.

“అలా చూడకండి.”

“నేను చిలికా సరస్సుని చూస్తున్నానండీ.”

“సరస్సు మీ వెనకాల ఉంది.”

నా చేతిలో టీ ఒలికిపోయింది. ఆమె నవ్వింది. ఇక నా పని అయిపోయింది. ఏమీ దాచుకోను, అక్కడే, ఆ రేకు కిందే అయిపోయింది.

వాన తగ్గేలోపు చాలా మాట్లాడుకున్నాం. టెక్కలిలో బి.ఎస్సీ. మ్యాథ్స్ ఆఖరి సంవత్సరమట. నేను బి.కాం. అయ్యాక అక్కుపల్లి దగ్గర మా జీడితోటలు చూసుకుంటున్నానని చెప్పాను. వచ్చే ఏడాదికి సొంతంగా జీడిపప్పు బట్టీ పెడతానని కూడా కోతలు కోసేశాను.

“మీ పెళ్ళికి పప్పు నేనే సప్లై చేస్తా,” అన్నాను, ఊరికే కదపడానికి.

“అయితే తొందరగా పెట్టండి బట్టీ. పై వారం సోంపేట నుంచి నన్ను చూడ్డానికి వస్తున్నారు.”

టీ ఈసారి గొంతులో అడ్డుపడింది.

“మీకు ఇష్టమేనా?”

“నన్నెవరు అడిగారు? మా పెద్దత్తని తెలియని ఇంట్లో ఇచ్చి మావాళ్ళు చాలా ఏడ్చారు. అప్పట్నుంచీ మా నాన్నకి ఒకటే మాట. చుట్టరికం లేని ఇంటికి పిల్లనివ్వరు. దగ్గర చుట్టం ఉండగా దూరపు చుట్టానికీ ఇవ్వరు.”

“సోంపేట వాళ్ళు ఏ వరస?”

“మా నాన్న వాళ్ళ పెదనాన్న తోడల్లుడి మనవడు.”

“అది చుట్టరికమా!”

“వెతికితే అదే దొరికింది మరి,” అని గ్లాసు కింద పెట్టి, నా వైపు చూసింది. “మీకూ మాకూ ఏ మూలైనా చుట్టరికం ఉందేమో మీరూ వెతకండి.”

ఆ మాట సరదాకి అందో, మనసుతో అందో అర్థమయ్యేలోపు బస్సు హారన్ కొట్టేశారు.

చుట్టరికం లేదు. రంభ దాటాక నాయనమ్మని తిప్పి తిప్పి అడిగాను. మా ఇంటిపేరుకీ, వాళ్ళ ఇంటిపేరుకీ ఏడు తరాల్లో ఎక్కడా లంకె లేదంది. పైగా “ఆ నోరుగల్దాని ఊసు నా కాడ ఎత్తకు” అంది.

పోనీ ముసలాళ్ళిద్దరినీ అయినా కలిపితే, రేపు టెక్కలి వెళ్ళి మాట్లాడడానికి ఒక దారి ఉంటుంది కదా అనుకున్నాను. యామినికి చెబితే సరేనంది. ఇక పూరీలో మా పని అదే. హరిదాసు అనే భక్తుడు జపం చేసుకున్న సిద్ధబకుళ చెట్టు దగ్గర నేను నాయనమ్మ చెవిలో వేశాను. “ఆవిడ నీ గొంతు బంగారం అంటోంది.” అదే సమయానికి యామిని వాళ్ళ అమ్మమ్మ చెవిలో వేసింది. “ఆవిడ నీ తెలివిని మెచ్చుకుంటోంది.” రెండూ పచ్చి అబద్ధాలే. దేవుడు క్షమిస్తాడనుకున్నాం.

సముద్రం పక్కన హరిదాసు సమాధి దగ్గర భజన మొదలైంది. ఏ కులంలో పుట్టినా నామం చేతే గొప్పవాడైన భక్తుడని ఢిల్లీశ్వరరావు మైకులో చెబుతున్నాడు. నాయనమ్మ పల్లవి ఎత్తుకుంది. సుభద్రమ్మ తాళం అందుకుంది. కాసేపటికి ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు. సుభద్రమ్మ కొంగుతో మా నాయనమ్మ ముఖం తుడిచింది. యామిని నావైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. నా ఛాతీ జానెడు పెరిగింది.

మర్నాడు గుళ్ళో దర్శనమయ్యాక, ఆనందబజారులో మహాప్రసాదం మట్టికుండలు కొనుక్కుని అందరం నేలమీద కూర్చున్నాం. నేను నీళ్ళు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో నాయనమ్మ ముద్ద కలిపి సుభద్రమ్మ నోట్లో పెడుతోంది. సుభద్రమ్మ ముద్ద మా నాయనమ్మ నోట్లో పెడుతోంది. మా ఆడవాళ్ళు హూ హూ హూ అని మంగళానికి ఉలూలుధ్వని చేస్తున్నారు.

“జగన్నాథుడి సాచ్చిగా ఈయాల్టి నుంచి నువ్వు నాకు నేస్తం!” అంది నాయనమ్మ.

“నువ్వు నాకు నేస్తం!” అంది సుభద్రమ్మ.

నా చేతిలో నీళ్ళ బిందె నా కాలిమీదే పడింది.

మా వైపు నేస్తం కట్టడం అంటే ఫ్రెండ్‌షిప్ అనుకునేరు. మహాప్రసాదంతో నేస్తం కడితే ఇక ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు. తోడబుట్టినవాళ్ళతో సమానం. ఇంటిల్లిపాదికీ ఆ వరసలే. పండక్కి చీరలు, చావుకి మైలతో సహా అన్నీ.

ఢిల్లీశ్వరరావు నా భుజం తట్టాడు. “కంగ్రాట్స్ బాబూ! రెండు కుటుంబాలూ ఒకటైపోయినట్టే. నీకు లేక లేక చెల్లెలు దొరికినాది!”

చెల్లెలు! చుట్టరికం లేదని ఏడ్చినవాడికి చుట్టరికం దొరికింది. అదీ నా చేతులతో నేనే, అబద్ధాలాడి మరీ తెచ్చుకున్నాను. యామిని వైపు చూడ్డానికి కూడా ధైర్యం చాలలేదు. ఆ పిల్లే వచ్చి ఆకులో ప్రసాదం పెట్టింది.

“తినండి అన్నయ్యా.”

ఆ ముద్ద ఎలా మింగానో ఆ జగన్నాథుడికే తెలియాలి.

సాయంత్రం సత్రంలో నాయనమ్మ కాళ్ళు పడుతూ మెల్లిగా అడిగాను. “నేస్తం కట్టాక విప్పెయ్యొచ్చా?”

నాయనమ్మ దిగ్గున లేచి కూర్చుంది. “ఏటీ? విప్పడవేటిరా! మాప్రెసాదం తిని కట్టినది పేనం పోనా విప్పకూడదు. ఏటైనాదిరా నీకు? గాలీ గీలీ సోకినాదేటి?”

ఏమీ కాలేదన్నాను. ఎందుకడిగానో చెప్పే ధైర్యం లేదు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో సాక్షిగోపాలం దగ్గర ఆగాం. పూరీ వెళ్ళినవాళ్ళు అక్కడ ఆగకపోతే యాత్ర చేసినట్టు సాక్ష్యం ఉండదట. ఢిల్లీశ్వరరావు మైకులో కథ అందుకున్నాడు. ఒక పెద్దాయన ఒక కుర్రాడికి తన కూతుర్నిస్తానని మాటిచ్చి వెనక్కిపోతే, ఆ కుర్రాడి తరఫున సాక్ష్యం చెప్పడానికి గోపాలుడు బృందావనం నుంచి కాలినడకన వచ్చాడట. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరికో పిల్ల కోసం అంతదూరం నడిచిన దేవుడు, నాకేమో పక్క ఊళ్ళోనే చెల్లెల్ని అంటగట్టాడు.

“కొబ్బరికాయ కొట్టించారా అన్నయ్యా?” యామిని పక్కనే ఉంది.

“ఇంకొక్కసారి అన్నయ్యా అన్నావంటే కొబ్బరికాయ నా తలకే కొట్టుకుంటాను.”

“అదేంటి? మరేమని పిలవాలి?”

“ఏమీ పిలవకు. నువ్వు నాకు చెల్లెల్లా కనపడవు యామినీ. రంభలో రేకు కింద కనపడలేదు, ఇప్పుడూ కనపడవు. నిన్ను చేసుకోవాలని ఉంది. పాపమో పుణ్యమో నాకు తెలీదు.”

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది.

“గోపాలుడి ఎదురుగా అంటున్నారు. రేపు కాదంటే కుదరదు.”

“కాదనను. పలాసలో దిగగానే, మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చే మీ నాన్నకే చెప్పేస్తాను. తంతే తన్నించుకుంటాను.”

“మా నాన్న నిజంగానే తంతారు.”

“తన్ననీ.”

ఆమె కళ్ళు తడిగా అయ్యాయి. గబగబా వెళ్ళి బస్సెక్కేసింది. నాకు భయం వేసింది. పలాస వచ్చేదాకా అటువైపు నుంచి ఒక్క చూపు కూడా లేదు. తప్పు చేశానేమో, ఆ పిల్ల మనసు కష్టపెట్టానేమో అనుకుంటూ దారంతా కుమిలిపోయాను.

సాయంత్రం పలాసలో బస్సు ఆగేసరికి యామిని నాన్న త్రినాథరావుగారు జీపు పక్కన నిలబడి ఉన్నారు. ఆరడుగుల మనిషి, మీసాలు.

సుభద్రమ్మ మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని దింపింది. “అల్లుడుగారూ, ఈవిడ నా నేస్తం. పూరీలో మాప్రెసాదంతో కట్టుకున్నాం. నాకు అప్ప.”

త్రినాథరావుగారు వెంటనే వంగి నాయనమ్మ కాళ్ళకి దండం పెట్టారు. “మా ఆవిడకి పెద్దమ్మ దొరికినట్టే కదండీ! చాలా సంతోషం. ఈ కుర్రాడెవరు?”

“నా కొడుకు కొడుకు బావూ. ధనుంజయ్.”

ఇదే సమయం. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేను. ముందుకు వచ్చాను. తయారుచేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

“నాకు చెల్లెలు వద్దండీ!”

బస్సు దిగేవాళ్ళు దిగినట్టే ఆగిపోయారు. నాయనమ్మ నోరు తెరిచింది.

“ఎవరు చెల్లెలు?” అన్నారు త్రినాథరావుగారు.

“మీ అమ్మాయండీ. నాకు వద్దండీ. చెల్లెలుగా వద్దండీ.”

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “నీకు మతి ఉందా లేదా? ఏటి సదువుకున్నావయ్యా నువ్వు? వీళ్ళిద్దరూ అప్పచెల్లెళ్ళు. ఈవిడ కొడుకు మీ నాన్న, ఆవిడ కూతురు మా ఆవిడ. అంటే మీ నాన్నకి మా ఆవిడ చెల్లెలు. నీకు మేనత్త. మేనత్త కూతురు చెల్లెలెలా అవుద్దయ్యా? శుభ్రంగా మేనరికం వరసైతేనూ...”

అని, ఆగిపోయారు.

ఆయన నోటితో ఆయనే అన్నది ఆయన చెవికి ఎక్కింది. మీసాలు ఒక్కసారి కదిలాయి. మేనరికం! బి.కాం. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. నాన్న ఎవరి కొడుకో, ఆ పిల్ల అమ్మమ్మా అని ఎవర్ని పిలుస్తోందో ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నాను. ఒక్కసారి వేళ్ళు మడిచి లెక్కేసుకోలేదు!

సుభద్రమ్మ అవకాశం వదల్లేదు. “అయితే అల్లుడుగారూ, సోంపేట వాళ్ళకి కబురంపీండి. పెదనాన్న తోడల్లుడి మనవడి కన్నా మేనమావ కొడుకు దగ్గర కాదేటి? దగ్గర సుట్టం ఉండగా దూరపోళ్ళకి ఇవ్వనన్నది తమరే కదా!”

త్రినాథరావుగారు అత్తగారిని చూశారు, నాయనమ్మని చూశారు. చాలాసేపు నన్ను చూశారు.

“ఏం చేస్తుంటావు?”

“జీడితోటలండీ.”

“తాగుతావా?”

“టీ అండీ.”

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు గానీ, జీపు వైపు తిరుగుతూ అన్నారు. “రేపు మీ నాన్నని తీసుకుని టెక్కలి రా. కూర్చుని మాట్లాడదాం.”

యామిని సంచీ తీసుకునే వంకతో నా పక్కకి వచ్చింది.

“ఈ వరస నీకు ముందే తెలుసా?” అని గొణిగాను.

“తెలీకుండానే మా అమ్మమ్మకి నేస్తం కట్టుకోమని చెప్తానా?”

“నువ్వు... నువ్వు చెప్పావా! మరి నన్ను అన్నయ్యా అన్నయ్యా అని చంపేశావు కదే!”

“చుట్టరికం నేను కలిపాను. కావాలని అడగడం కూడా నేనే చెయ్యాలా?” సంచీ పట్టీ వేలికి చుట్టుకుంటూ అంది. “పలాస వచ్చినా మా నాన్న దగ్గర నోరు విప్పరేమోనని ఎంత భయపడ్డానో తెలుసా? రేపు మావయ్యని తీసుకుని తొందరగా రండి, బావా.”

జీపు వెళ్ళిపోయింది. నేను రోడ్డు మధ్యలోనే ఉన్నాను. ఆటోవాళ్ళు హారన్లు కొడుతున్నారు. నాయనమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

“ఏటైనాదిరా? అలగుండిపోనావు?”

“నాయనమ్మా, ఆ పిల్ల నన్ను బావా అన్నాదే!”

“అనదేటి మరి? నీ మరదలు కాదేటి!” అంది నాయనమ్మ.

నేను ఆవిడని అమాంతం ఎత్తుకుని, నడిరోడ్డు మీదే గిరగిరా తిప్పేశాను.