ఆపడం నా చేతిలో లేదు

"సినిమాని పేల్చేస్తారట!" అని చీఫ్ ఫోన్‌లో అరిచినట్టు వినపడింది ఏజెంట్ నత్తకి. అంతే, బాంబు స్క్వాడ్‌ని వెంటేసుకుని ఎడిటింగ్ స్టూడియో మీద పడ్డాడు. పోలీసు కుక్క సోఫాల కిందంతా వాసన చూసి, చివరికి ఎవరిదో టిఫిన్ డబ్బాని అరెస్టు చేసింది.

ఫోన్ మళ్ళీ మోగింది. "పేల్చడం కాదయ్యా! పంచేస్తారట అన్నాను, పంచేస్తారట!"

"చీఫ్ అయ్యుండి ఇంత చీప్ ఫోనేంటి సార్?"

"పంచ్‌లు తర్వాత. విదేశీ ముఠా. నాయకుణ్ణి దొర అంటారు. రేపు విడుదలయ్యే ఈ సినిమాని ఇవాళే జనానికి ఊరికే పంచుతాడు. దాని కడుపులో వైరస్. డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతి కంప్యూటరూ దొర మనిషైపోతుంది. ఊరికే వచ్చే సినిమా వెనక ఊరకుండని గూఢచారి!"

"ఏ సాఫ్ట్‌వేర్‌తో సార్?"

చీఫ్ గొంతు తగ్గింది. "పంపకం."

నత్త గుల్లలోకి ముడుచుకుపోయాడు. పంపకం అతను రాసిందే. ఏజెన్సీలో చేరకముందు, ఎవరి ఫైలైనా ఎవరికైనా పంపేలా తయారుచేశాడు. జనం పాఠాలు పంపుకుంటారనుకున్నాడు. సినిమాలు పంపుకున్నారు.

"ఏం బావమరిదీ, కుక్కని కూడా తెచ్చావు? ప్రివ్యూకా?" ఎడిటింగ్ గదిలోంచి దర్శకుడు బయటికొచ్చాడు. నత్తకి అక్క మొగుడు. "మంచిదేలే. నా మొదటి సినిమాకి కుక్క కూడా రాలేదు."

బావ నవ్వాడు. నత్త నవ్వలేకపోయాడు. ఆ మొదటి సినిమాని హాల్లో కాకుండా పంపకంలో చూసింది లోకమంతా. ఇన్నేళ్ళలో బావ ఒక్క మాట అనలేదు. అక్క ఇంకో ముద్ద వడ్డిస్తూనే ఉంది. తిట్టుంటే అరిగేది.

నిర్మాతలు కేసు వేస్తే నత్త లాయరు చెప్పిన 'లా' ఇలా ఉంది: "కత్తి చేసినవాడు నేరస్థుడు కాదు. కానీ ఆ కత్తి పిడి ఇంకా నీ చేతిలోనే ఉంటే మాత్రం నువ్వూ నేరస్థుడివే. ఆపగలిగీ ఆపకపోతే మునిగావు. ఆపలేకపోతే తేలావు. ఆపగలవా?"

"లేదండీ," అన్నాడు నత్త. కోర్టులో ప్రమాణం చేసి మరీ అన్నాడు: ఆపడం నా చేతిలో లేదు. కేసు ఇంకా నడుస్తోంది.

దొర దిగిన పెద్ద హోటల్. ఏసీ మెకానిక్ వేషంలో నత్త తలుపు కొట్టాడు. గోడ వెనక మనుషుల్ని చూపిస్తాయని ఆఫీసువాళ్ళిచ్చిన నల్లకళ్ళద్దాలు గోడనే సరిగ్గా చూపించడం లేదు.

తలుపు తీసిన మనిషిని చూస్తే ఏసీ అక్కర్లేకుండానే వణుకొచ్చింది. నెమలి. దొర దగ్గర జీతం, మన దగ్గర బత్తెం తీసుకునే డబుల్ ఏజెంట్.

"చల్లగా లేదన్నారట," కోడ్ చెప్పాడు నత్త.

"చల్లగా ఉండమని ఎవరూ దీవించలేదు," జవాబు కోడ్ చెప్పి లోపలికి రానిచ్చింది.

లోపల దొర సోఫాలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. చేతిలో పిస్టల్. ఎదుట లాప్‌టాప్‌లో సినిమా పంపకానికి సిద్ధమవుతోంది. ఆకుపచ్చ గీత దాదాపు చివరికొచ్చింది.

"రావయ్యా, మా సాఫ్ట్‌వేర్ బ్రహ్మా! కోర్టు వార్తల్లో నీ ఫొటో చూడకపోతే మెకానిక్‌వే అనుకునేవాణ్ణి," అన్నాడు దొర. "ఈ లాప్‌టాప్ పగలగొట్టినా లాభం లేదు. కాపీలు మావాళ్ళందరి దగ్గరా ఉన్నాయి. నీ పంపకాన్నే ఎందుకు ఎంచుకున్నానో తెలుసా? ఆపడం నీ చేతిలో కూడా లేదన్నావుగా! కోర్టులో నువ్వు చెప్పిన ప్రతి మాటా చదివాను. నమ్మాను."

ఆ మాట తూటాలా తగిలింది. అబద్ధాన్ని నమ్ముకుని ఒక ముఠా వ్యాపారమే పెట్టుకుంది.

స్విచ్ ఉంది. టెస్టింగ్ కోసం పెట్టుకున్నాడు. పనయ్యాక తీసేయాలి అని కోడ్‌లో తనకి తానే నోట్ రాసుకుని, ప్రోగ్రామర్లందరిలాగే తియ్యలేదు. సెల్‌లో పాస్‌వర్డ్ కొడితే ఎక్కడెక్కడి పంపకాలూ ఆగిపోతాయి. బావ మొదటి సినిమా లీకైన రోజు కూడా ఉంది ఆ స్విచ్. ఆ రోజు వేలు దానిదాకా వెళ్ళి ఆగింది. డౌన్‌లోడ్ల అంకె పెరుగుతుంటే చూడ్డానికి బాగుంది మరి.

గీత చివర వెంట్రుకవాసి మిగిలింది. నత్త చెయ్యి జేబులోకి వెళ్ళింది. దొర పిస్టల్ ఎత్తాడు. నెమలి ఫ్లవర్‌వాజ్ ఎత్తింది. ముందు దిగింది ఫ్లవర్‌వాజే, దొర నెత్తిన. సెల్ మీద నత్త వేలు ఈసారి ఆగలేదు.

తెర మీద ఒకటే మాట: పంపకం నిలిపివేయబడింది.

దొర చేతులు కట్టేస్తూ నెమలి తెరకేసి చూసింది. "ఎలా ఆగింది?"

"స్విచ్ ఉంది."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచి."

ఆవిడకి అర్థమైంది. "పిచ్చివాడా! ఇది బయటపడితే కేసు పోతుంది, నువ్వూ పోతావు. కరెంటు పోయిందని రిపోర్టు రాద్దాం. నేనూ సంతకం పెడతా."

"అబద్ధాలు చెప్పడంలో నీది వృత్తి, నాది దురలవాటు," అన్నాడు నత్త. "బావకి రెండోసారి కూడా అబద్ధం చెప్పలేను."

ఫోన్ మోగింది. "ఏమయ్యా, దొంగ దొరికాడా?" చీఫ్ గొంతు.

"ఇద్దరు దొరికారు సార్," అన్నాడు నత్త. "ఒకడు సంకెళ్ళతో వస్తున్నాడు. ఇంకొకడు మీతో మాట్లాడుతున్నాడు."