నీకో దణ్ణం

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు దర్జీ అక్క ఫోన్ చూసుకుంది. గర్భసంచి ఆపరేషన్ తప్పదన్నారనీ, వచ్చి పక్కన ఉండమనీ పొద్దున్నే చెల్లెలికి రాసింది. తల్లి పోయాక తనే పెంచి, నర్సు చదువు చదివించిన చెల్లెలు. జవాబు వచ్చింది. మాటలేం లేవు. జోడించిన రెండు చేతుల బొమ్మ ఒక్కటే.

"చూశారా," అంటూ ఫోన్ భర్త ముందు పెట్టింది. "నీకో దణ్ణం, నన్నొదిలెయ్ అంటోంది."

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "మా ఆఫీసులో థాంక్స్‌కీ ఇదే, సారీకీ ఇదే. ఫోన్ చేసి అడగరాదూ?"

"అడిగేదేముంది? రానని చెప్పడానికి నోరు రాక చేతులు పెట్టింది."

ఆ తర్వాత చెల్లెలే ఫోన్ చేసింది. అక్క ఎత్తలేదు. మళ్లీ మోగితే స్విచ్చాఫ్ చేసేసింది. గుడ్డ పరిచి, గీత తప్పి కోసింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా కూర్చుని చెల్లెలికి కుట్టిన గౌన్లు గుర్తొచ్చాయి. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదేననుకుంది.

మధ్యాహ్నం చెల్లెలు గుమ్మంలో నిలబడింది, డ్యూటీ బట్టల్లోనే, బట్టల సంచీతో.

"సెలవు రాయించుకుని వచ్చా. ఫోనెందుకు తీయవక్కా?"

"దణ్ణం పెట్టేశావుగా. ఇంకా మాటలెందుకు?"

చెల్లెలికి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. సంచీ జారవిడిచి గోడకానుకుంది.

"అలా అనుకున్నావా? వార్డులో ఉన్నా. రాద్దామంటే కళ్లు మసకబారాయి. ఎప్పుడూ నువ్వు పెట్టడమే గానీ నన్నొకటి అడిగావా? మొదటి జీతంతో చీర తెస్తే తిరిగిచ్చి రమ్మన్నావు. నీ పురుటికి వస్తానంటే పరీక్షలన్నావు. ఇన్నేళ్లకి నన్ను రమ్మన్నావని దణ్ణం పెట్టానే. ఒక్క బొమ్మకే నన్ను వదిలేసుకున్నావా?"

అక్క తల వంచుకుంది. పొద్దుటి నుంచి మోసపోయింది తనేననుకుంది. పెంచిన చేతులే పిల్లని నమ్మలేదని ఇప్పుడు తెలిసింది.

"వస్తున్నానని ఒక్క ముక్క రాస్తే నీ వేళ్లరిగిపోతాయా?" అంది, కళ్లు తుడుచుకుంటూ.

చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది. టీ పెడదామని అక్క లేవబోతే భుజం పట్టి ఆపింది.

"కూర్చో. నేను పెడతా."

"చక్కెర ఎక్కడుందో నీకు…"

"వెతుక్కుంటాలే."

డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుస్తున్న చప్పుడు వినిపించింది. అక్క లేవలేదు.