ఇనుప బొక్కలు

శవం డోర్నకల్ దవాఖాన వరండాలో ఉంది. గంగి, అరవై రెండేళ్లు, తండా మనిషి. చేతులు బోసిగా ఉన్నాయి. తుంటి విరిగింది. పక్కటెముకలు నాలుగు విరిగాయి, ఒకటి ఊపిరితిత్తిలో దిగింది.

సకల జనుల సమ్మె ముప్పై మూడో రోజు. ఉదయం 10.40.

కొడుకు రెడ్యా అప్పటికే లాకప్‌లో ఉన్నాడు. తల్లిని కొట్టి చంపాడని అనుమానం. సాక్ష్యం ఒక చీటీ.

ఆ చీటీని డాక్టర్ కమలాదేవి ఎస్సై సుభాషిణి ముందు పెట్టింది. నిరుడు ఫిబ్రవరిలో డాక్టర్ ఓ పరిశోధన క్యాంపు నడిపింది. ఏ జాతి ఆడవాళ్ల ఎముకలు ఎంత గట్టివి, జన్యువుల్లో తేడా ఏమిటి అని తండాల్లోనూ, జనగామ వ్యాపారుల ఇళ్లలోనూ రక్తం తీసి ముంజేతులు స్కాన్ చేసి, ఫలితం ఇలాంటి చీటీల మీద రాసిచ్చింది.

"లంబాడా స్త్రీల ఎముకలు పుట్టుకతోనే గట్టివి. గంగి ఎముక స్కోరు చూడండి, ప్లస్ రెండు. సున్నా ఉంటేనే మామూలు గట్టిదనం. ఈ ఎముక పడితే విరగదు. కొడితేనే విరుగుతుంది."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం. సుభాషిణికి మనసొప్పలేదు. కానీ మూడింటికి రెడ్యాను కోర్టుకు పంపాలి. వెంట ఆ చీటీ వెళ్లిందంటే అతని బతుకు బుగ్గిపాలే.

లాకప్ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఏమైంది రెడ్యా?"

"పొద్దున ఆరింటికి బిందె ఎత్తబోయి జారి పడ్డది మేడం."

"పక్కింటోళ్లు రెండు కేకలు విన్నరట."

"పడ్డప్పుడు ఒకటి. నేను ఎత్తుకున్నప్పుడు ఒకటి."

"ఆటో దొరకలేదా?"

"సమ్మె గదా. బస్సు లేదు, రైలు లేదు. యీపున ఏసుకొని ఏడు కిలోమీటర్లు నడిచిన. ఏం గాదు యాడీ, నీయి ఇనుప బొక్కలని డాక్టరమ్మ చెప్పింది గదా అనుకుంట వచ్చిన." తల్లిని తలుచుకుని అతను ముఖం తిప్పుకున్నాడు.

సుభాషిణి మళ్లీ దవాఖానకు వెళ్లింది. 12.15. దుప్పటి తీసి చూసింది. ముంజేతుల చర్మం మిగతా ఒంటికంటే తెల్లగా ఉంది. శవం ముంజేతికి ఎక్స్‌రే తీయించింది.

రెండింటికి డాక్టర్‌ను స్టేషన్‌కు పిలిపించి, లాకప్‌లోని రెడ్యాకు ఎదురుగా కూర్చోబెట్టింది.

"మీ అమ్మ గాజులు ఎప్పుడు తీసింది రెడ్యా?"

"మా నాయిన పోయిన నాడు. మొన్న ఎండకాలం."

"అంటే క్యాంపు నాటికి ఉన్నయి. డాక్టర్ గారూ, స్కాన్‌కు గాజులు తీయించిన్రా?"

"జనగామ వాళ్లవి తీయించాం, బంగారం కాబట్టి. వీళ్లు భర్త ఉండగా తీయబోమన్నారు. లోహం కాదు కదా అని ఊరుకున్నాం."

"ఆ గాజులు దేంతో చేస్తరు రెడ్యా?"

"బొక్కతోనే, పశువుల ఎముకతోని. మా అవ్వ కాలం నాటియి. మణికట్టు నుంచి మోచేతి దాంక ఉండేటియి."

సుభాషిణి డాక్టర్ వైపు తిరిగింది.

"మీ మిషన్ కొలిచింది గంగిని ఒక్కదాన్నే కాదు డాక్టర్. ఎన్నడో సచ్చిన పశువును గూడ కలిపి కొలిచింది."

ఎక్స్‌రే ఫిల్మ్ చేతికిచ్చింది. డాక్టర్ దాన్ని కిటికీ వెలుగుకు పట్టింది. చెదపట్టిన కర్రలా ఉంది ఎముక.

"తండాల్లో నూట పద్దెనిమిది మందికి ఇదే చీటీ ఇచ్చాం," అంది. "ఎముకల మాత్రలు అక్కర్లేదన్నాం." తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "ఇంత గుల్లబారితే గట్టిగా పట్టి ఎత్తినా పక్కటెముకలు..." అని ఆగింది.

ఆగడం ఆలస్యమైంది. రెడ్యా విన్నాడు.

సుభాషిణి లాకప్ తాళం తీసింది. "నువ్వు కొట్టలేదు. పో, మీ అమ్మను తీస్కపో."

అతను కదల్లేదు.

"మేడం, ఆ రెండో కేకప్పుడేనా?"

పదకొండేళ్ల సర్వీసులో ఆమె ఎందరి అబద్ధాలో పట్టుకుంది. ఇప్పుడు తానే ఆడింది. "కాదు. పడ్డప్పుడే విరిగినయి."

అతను నమ్మలేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. బయట రోడ్డు మీద ఒక్క బండీ లేదు. రెడ్యా తన రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"జర చెప్పుండ్రి మేడం. ఇప్పుడు ఎట్ల ఎత్తుకోవాలె?"